మాస్టర్ గారి మొక్కు

ఆ సోమవారం పొద్దున సోమలింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. వేలికి సూది గుచ్చుకుని రక్తపు చుక్కని మీటరులో చూసుకోవాలి. నేతిలో వేసిన మూడు గుడ్ల అట్టు తినాలి. మాత్రలు వేసుకోవాలి. పనీరు డబ్బా పట్టుకుని ఖాతాకి వెళ్ళాలి, సాయంత్రం ఇంటికి రావాలి. సూరత్‌లో మరమగ్గాల షెడ్డుని ఖాతా అంటారు. ఈ పథకంలో అబద్ధం చెప్పడం అనేది ఎక్కడా లేదు.

కోసాడ్ కాలనీలోని ఆ రెండు గదుల ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద పన్నెండు వారాల చార్టు ఒకటి అంటించి ఉంది. అందులో తొమ్మిది వారాలు నిండాయి. గడికి రెండేసి అంకెలు. ఒకటి మీటరు చెప్పింది, రెండోది ఆ రోజు తన మనసు ఎలా ఉందో సోమలింగం తనే వేసుకున్న మార్కు, పదికి. మూడు వారాలుగా ఆ మార్కు ఆరుకీ ఏడుకీ మధ్య బుద్ధిగా కూర్చుంది. చూసేవాళ్ళకి అదేమంత గొప్పగా కనిపించకపోవచ్చు. సోమలింగానికి మాత్రం ఆ ఆరంటే, ఆ ఏడంటే ప్రాణం. ఎందుకంటే అతను ఒకటినీ చూశాడు, పదమూడునీ చూశాడు.

ఒకటి అంటే, రెండేళ్ళ కిందట నలభై రోజులు గోడ వైపు తిరిగి పడుకోవడం. పదమూడు అంటే, ఆ తరవాతి ఫిబ్రవరిలో, మబ్బు తునక లేని ఎండలో టోకు బజారుకి పోయి నలభై ఎర్ర గొడుగులు తేవడం, ఖాతాలో ఎదురుపడ్డ ప్రతివాడి చేతిలోనూ ఒకటి పెట్టి, వద్దన్నవాడి చేతిలో రెండు పెట్టడం. అప్పుడే భార్య స్వరాజ్యం అతన్ని చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టర్ మైథిలి ఉండడం వీళ్ళ అదృష్టం. రోగం తెలుగులో చెప్పుకుంటే సగం బరువు దిగుతుంది. దీన్ని బైపోలార్ అంటారనీ, మందులున్నాయనీ, ఇందులో సిగ్గుపడాల్సింది లేదనీ ఆవిడ చెప్పింది. మందులు అతన్ని చాలావరకు నేల మీదికి తెచ్చాయి.

ఆ తరవాత ఈ కీటో తిండి సంగతి చెప్పింది. అన్నం, రొట్టె, తీపి దాదాపు మానేసి, కొవ్వు మీద బతకడం, ఒళ్ళు ఆ దారిలో పడిందో లేదో రోజూ మీటరులో చూసుకోవడం. మూర్ఛ రోగానికి ఇది ఎప్పటినుంచో వాడుకలో ఉందట. మనసు జబ్బులకి కూడా పనికొస్తుందేమోనని ఇప్పుడిప్పుడే పరిశోధనలు చేస్తున్నారట. "పనికొస్తుందని నేను మాట ఇవ్వలేనండి, ఇంకా ఎవరూ ఇవ్వలేరు. మందులు మాత్రం ఒక్కటి కూడా ఆపకూడదు. పన్నెండు వారాలు మా లెక్కలో ఉండి చూస్తారా?" అని అడిగింది. సోమలింగం చూస్తానన్నాడు. స్వరాజ్యం ఆ రోజునుంచి అన్నానికి బదులుగా గోబీపువ్వుని బియ్యపు గింజలంత తరగడం నేర్చుకుంది. మొదటి వారమంతా, ఇంత నెయ్యి తన పెళ్ళిలో కూడా పొయ్యలేదని సణిగింది. రెండో వారం నుంచి చార్టులో అంకె చూసి సణగడం మానేసింది.

ఈ సంగతి తెలిసింది ఆ ముగ్గురికే అని సోమలింగం నమ్మకం. మనసు బాగాలేని మనిషి చేతిలో ఏ సేఠ్ అయినా ముప్పై ఆరు మగ్గాలు పెడతాడా అని అతని భయం. పదహారో ఏట సిరిసిల్ల నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళు నూనె మరకల్లో దొర్లి సంపాదించుకున్న పేరు మాస్టర్, అంటే మగ్గాలు బిగించి నడిపించేవాడని. అది పోతే తను ఇంకేమీ కాదని మరో భయం. అందుకే ఖాతాలో ఎవరైనా చాయ్ ఇస్తే కడుపులో మంట అని తప్పించుకుంటూ తొమ్మిది వారాలు నెట్టుకొచ్చాడు.

ఆ సోమవారం ఖాతాలో కొత్త మగ్గాలు నాలుగు బిగించారు. కొత్త మగ్గం మీట నొక్కే ముందు సేఠ్ తన చేత్తో మాస్టర్ నోరు తీపి చెయ్యడం అక్కడి ఆనవాయితీ. నానూభాయ్ సేఠ్ కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, ఒక బర్ఫీ ముక్క పట్టుకుని సోమలింగం పెదవుల దాకా తెచ్చాడు. సేఠ్ మాట్లాడేది సగం గుజరాతీ, సగం హిందీ. ముప్పై ఏళ్ళుగా వింటున్న సోమలింగం చెవికి అది తెలుగులోనే పడుతుంది. బర్ఫీ ముక్కకీ నోటికీ మధ్య రెండంగుళాల దూరం ఉండగా, కడుపులో మంట అన్న మాట సరిపోదని అతనికి అర్థమైంది. శుభానికి పెట్టిన తీపిని కడుపు పేరు చెప్పి కాదంటే సేఠ్ ఆ నాలుగు మగ్గాలూ వెనక్కి పంపేస్తాడు.

"మొక్కున్నది సేఠ్. అన్నం, తీపి ముట్టను," అన్నాడు.

సేఠ్ చెయ్యి గాల్లో ఆగింది. "ఏ దేవుడికి?"

"కొమురెల్లి మల్లన్నకు."

"దేనికోసం?"

సోమలింగం అటూ ఇటూ చూశాడు. ఎదురుగా మగ్గాలు తప్ప ఏమీ లేవు. "కొత్త మిషన్లు మంచిగ నడవాలని," అన్నాడు.

నానూభాయ్‌కి కళ్ళు చెమర్చాయి. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు ఆయన్ని తిట్టుకున్నారు గానీ, ఆయన కోసం మొక్కుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు. ఆ బర్ఫీ ముక్కని కళ్ళకద్దుకుని తిరిగి పెట్టెలో పెట్టేశాడు. ఇక ఆ నాలుగు మగ్గాలూ ఆ రోజు సాయంత్రం దాకా ఒక్క పోగు తెగకుండా నడిచాయి. కొత్త మగ్గం మొదటి రోజు అలా నడవడం ఆ ఖాతాల ఎస్టేటులో ఎవరూ చూడలేదు. మూడు రోజులు కూర్చుని ప్రతి నట్టూ బిగించింది సోమలింగమే అయినా, పేరు మల్లన్నకి పోయింది. చీకటి పడక ముందే మాస్టర్ మొక్కు సంగతి చుట్టుపక్కల ఖాతాలన్నిటికీ పాకింది.

మంగళవారం మధ్యాహ్నం ముసలి నేతగాడు సాంబయ్య డబ్బా తెరిస్తే అందులో అన్నం లేదు. నాలుగు కీరదోస ముక్కలు, గుప్పెడు పల్లీలు ఉన్నాయి. ఇదేమిటని సోమలింగం అడిగితే, ఖాతా అందరిదీ అయినప్పుడు మొక్కు ఒక్కడిదే ఎట్లా అవుతుందని సాంబయ్య తిరిగి అడిగాడు. బుధవారానికి తొమ్మిదిమంది అయ్యారు. గురువారానికి ఖాతాలో మిగతా ఇరవై రెండు మందీ అన్నం, రొట్టె, చక్కెర మానేశారు. మీరు మానొద్దని సోమలింగం ఒక్కొక్కరినీ బతిమాలాడు. అతను ఎంత బతిమాలితే అంత గొప్ప భక్తుడని పేరొచ్చింది.

సోమలింగానికైతే ఎంత నెయ్యి తినాలో, ఎంత ఉప్పు నీళ్ళు తాగాలో, మొదటి వారం తలనొప్పి వస్తే ఏం చెయ్యాలో డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. వీళ్ళకి కాగితం లేదు, నెయ్యీ లేదు. తలనొప్పి మాత్రం వచ్చింది. అరవై ఏళ్ళుగా గొంతు పెంచని సాంబయ్య ఒక మగ్గాన్ని పేరు పెట్టి తిట్టాడు. ఇద్దరు స్నేహితులు ఒక దారపు కండె దగ్గర మాటా మాటా అనుకుని పలకరించుకోవడం మానేశారు. చక్కెర లేని చాయ్ తాగుతున్న నానూభాయ్, రాంగ్ నంబరుకి ఫోన్ చేసిన ఒక పెద్దమనిషికి పావుగంట సేపు కేకలేస్తూ బతుకు విలువ బోధించాడు. ఖాతా మొత్తం మీద మనసు నిమ్మళంగా ఉన్నది ఒక్క సోమలింగానికే. చార్టులో గురువారం దాకా అన్నీ ఏడులే. అవి వేసుకోవడానికి అతనికి సిగ్గేసింది.

ఇంతలో ఇంటి దగ్గర ఇంకో తీగ అల్లుకుంటోంది. సాంబయ్య భార్య వజ్రమ్మ సోమలింగం ఇంటి పక్కనే ఉంటుంది. మాస్టర్ అన్నం ఎందుకు తింటలేడని ఆవిడ అడిగితే, మొక్కు సంగతి తెలియని స్వరాజ్యం షుగర్ వచ్చిందని చెప్పేసింది. సోమలింగం ఆ అబద్ధాన్ని ఇంటికి తేలేదు మరి. అబద్ధం చెప్పాక దాన్ని ఇంట్లో కూడా చెప్పాలన్న అనుభవం అతనికి లేదు. ఆ సాయంత్రం సాంబయ్య మొక్కంటే వజ్రమ్మ షుగరంది. మర్నాడు వజ్రమ్మ, షుగరా మొక్కా తేల్చి చెప్పమని స్వరాజ్యాన్ని నిలబెట్టి అడిగింది. స్వరాజ్యం తెలివైనదే. షుగర్ తగ్గాలని మొక్కుకున్నాడని రెండూ ముడేసింది. సరిగ్గా అదే సమయానికి ఖాతాలో సాంబయ్య, షుగరట గదా అని సోమలింగాన్ని అడిగాడు. కంగారులో అతను పాత అలవాటుకొద్దీ షుగర్ కాదు, కడుపులో మంట అన్నాడు.

మొగుడొకటి, పెళ్ళామొకటి చెబుతున్నారంటే దాస్తున్నది పెద్దదే అయి ఉంటుందని కాలనీ తేల్చింది. ఆ మాట ఖాతాకి చేరేసరికి కాస్త పెరిగింది, సేఠ్ గదికి చేరేసరికి పూర్తిగా ఎదిగింది. మాస్టర్‌కి ఇంకెంతో కాలం లేదట, ఆ కాస్త కాలంలో కూడా మన మగ్గాల కోసం మొక్కుకున్నాడట. నానూభాయ్ తలుపు వేసుకుని ఏడ్చాడు. తరవాత తలుపు తీసి, ఆదివారం ఖాతాలోనే సత్యనారాయణ వ్రతం చేయిస్తాననీ, మాస్టర్ తొలి ప్రసాదం తిని అందరి ముందూ మొక్కు చెల్లించాలనీ, ఆ తరవాత అందరికీ అన్నాల భోజనమనీ చెప్పాడు. అంతమంది తలనొప్పులు చూసి, ఒక మంచి తెలుగు డాక్టర్ని కూడా పిలిపిస్తున్నానన్నాడు.

శనివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. అబద్ధాలన్నీ మొదటిసారి ఒకచోట చేరాయి.

"మొక్కని చెప్పినవా? నాకొక్క ముక్క చెప్తే నేను షుగరంటనా?" అంది స్వరాజ్యం. ముందు నెత్తి కొట్టుకుంది, తరవాత నవ్వింది, అతని మొహం చూసి నవ్వు ఆపింది.

జ్వరమని పడుకుంటే సేఠ్ అంబులెన్సు వేసుకుని వస్తాడు. ప్రసాదం కాదంటే దేవుడికి ఏం సమాధానం చెప్పాలో తెలియదు. పోనీ తినేస్తే ఏమవుతుందని స్వరాజ్యం మెల్లగా అంది. షీరా ఒక్క ముద్దే కదా, రవ్వా చక్కెరా కలిపి ఎంత ఉంటుంది అంది.

"ఒక్క ముద్దకు ఏం గాదని నాకు గూడ ఎర్కనే," అన్నాడు సోమలింగం. "గాని భయమైతది. గా ఒక్క ముద్దతోని మొదలై, మళ్ల గోడకు తిరిగి పండుకుంటనేమోనని. నాకు గిప్పుడు మంచిగున్నది స్వరాజ్యం. గిది పోతే తట్టుకోలేను."

ఆమె లేచింది. చార్టు దగ్గరికి వెళ్ళి ఆ రోజు గడి చూపించింది. అందులో అతను నాలుగు వేసుకున్నాడు. ఆ నాలుగుకి కారణం షీరా కాదు, అబద్ధమే అని ఆమె చెప్పకుండానే ఇద్దరికీ తెలిసింది.

ఆదివారం పొద్దున్నుంచీ వాన. ఖాతా గుమ్మంలోకి జనం ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరూ ఒక ఎర్ర గొడుగు కింద. సాంబయ్య, వజ్రమ్మ చెరొకటీ వేసుకొచ్చారు. వద్దన్నందుకు రెండు దొరికినవాడు సాంబయ్యే. గొడుగులన్నీ తలుపు పక్కన కుప్పగా పడి నీళ్ళు కారుతున్నాయి. వాటి వంక చూసినప్పుడల్లా సోమలింగానికి ఒళ్ళు ముడుచుకుపోయింది. ఆ గొడుగులు ఎందుకు పంచాడో ఎవరూ అడక్కపోవడమే తన భాగ్యమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

వ్రతం ముగిసే వేళకి సేఠ్ పిలిపించిన డాక్టరొచ్చింది. రెయిన్‌కోటు విప్పుతూ లోపలికి వచ్చిన డాక్టర్ మైథిలిని చూసి స్వరాజ్యం భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ కళ్ళు సోమలింగం మీద ఒక్క క్షణం ఆగాయి. ఆ తరవాత ఆవిడ ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చేతులు జోడించింది.

"నమస్కారమండి. మీ పేరు?"

రోగి గుట్టు బయటపెట్టకపోవడం ఆవిడ ధర్మం. సోమలింగం అయోమయంలో తన పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం అన్నీ చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, సంతోషమండి అని ముందుకు సాగింది.

వరసగా కూర్చున్న ఇరవై రెండు మందినీ చూసింది. అందరికీ తలనొప్పి, అందరికీ చిరాకు, కొందరికి కాళ్ళ తిమ్మిరి. ఏం తింటున్నారని అడిగితే పల్లీలు, కీరదోస అన్నారు. సాంబయ్య దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం మారింది. ఆయనకి పన్నెండేళ్ళుగా షుగర్. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు, అన్నం మాత్రం మానేశాడు.

"మాత్ర వేసుకుని తిండి మానేస్తే కళ్ళు తిరుగుతాయి తాతగారూ. నడిచే మగ్గం మీద పడితే ఎవరు దిక్కు? ఇలా మానేయమని ఎవరు చెప్పారు మీకు?"

ఇరవై రెండు చూపులు సోమలింగం వైపు తిరిగాయి. డాక్టరమ్మ కూడా చూసింది. ఆవిడ నోరు తెరిచి ఒక్క మాటంటే సరిపోయేది, కానీ అనలేదు. అదే సమయానికి నానూభాయ్ దొన్నెలో షీరా పెట్టుకుని, నేతి వాసనతో సహా వచ్చి సోమలింగం ముందు నిలబడ్డాడు.

సోమలింగం ఆ దొన్నెని రెండు చేతులా అందుకున్నాడు. సాంబయ్య వంక చూశాడు. ఆ ముసలాయన మగ్గం మీద పడి ఉంటే ఏమయ్యేదని ఊహించుకున్నాడు.

"మొక్కు లేదు సేఠ్," అన్నాడు. "షుగర్ లేదు, కడుపుల మంట లేదు. సచ్చే రోగం గూడ లేదు. నాకు మనసు జబ్బున్నది. ఏడాదిన్నర సంది మందులు తింటున్న. ఈ తిండి గూడ దానికే, ఈ డాక్టరమ్మనే సూస్తున్నది. చెప్తే పనికెల్లి తీసేస్తరని చెప్పలె. అందరు జర మాఫ్ చెయ్యుండ్రి."

ఆదివారం కనక మగ్గాలు ఆగి ఉన్నాయి, ఆ మాటలు చివరి వరస దాకా వినిపించాయి. సాంబయ్య లేచి ముందుకొచ్చాడు.

"గిది మాకు ఎర్కనే గద తమ్మీ."

"ఎట్ల?"

సాంబయ్య తలుపు పక్కన ఎర్రగా పోగుపడ్డ గొడుగుల వైపు చెయ్యి చూపించాడు. "మాఘమాసంల గొడుగులు పంచితివి. నేనొద్దంటే నాకు రెండిస్తివి. గంతకు ముందు నలభై రోజులు ఇంట్లకెల్లి బయటకు రాకపోతివి. ఇంకెట్ల ఎర్కగావాలె?"

"మరి ఒక్కనాడన్న అడగలేదేంది?"

"నువ్వు దాస్తుంటివి. దాసుకుంటే నీకు మంచిగుంటదేమోనని మేం గూడ దాసినం," అన్నాడు సాంబయ్య. "మిషన్లకు మొక్కిన అంటే ఎవడు నమ్ముతడు? నీ మనసు నిమ్మళంగుండాలని మొక్కినవనుకున్నం. ఒక్కనివే మోస్తే బరువైతదని మేం గూడ అన్నం ఇడిచిపెట్టినం."

సోమలింగానికి ఏడుపు ఆగలేదు. అతను నిలబడ్డచోటే చిన్నపిల్లాడిలా ఏడిచాడు. రెండేళ్ళుగా ఒంటరిగా మోస్తున్నాననుకున్న మూటకి ఇరవై రెండు మంది తలా ఒక చెయ్యి వేసి ఉన్నారని తెలిస్తే ఎవరికైనా అంతే. స్వరాజ్యం కొంగుతో ఒకసారి తన కళ్ళు, ఒకసారి అతని కళ్ళు తుడిచింది.

సాంబయ్య చెప్పింది పక్కనున్నవాళ్ళు హిందీలో అందించగా, ఆ ఖాతాలో ఇప్పటిదాకా ఏమీ తెలియనివాడు ఒక్క నానూభాయే అని తేలింది. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. ఆయన కొత్త మగ్గాల వైపు తిరిగాడు.

"అంటే, నా మగ్గాల కోసం ఎవరూ మొక్కుకోలేదా?"

సాంబయ్య తల అడ్డంగా ఊపాడు.

"మరి మొదటి రోజే పోగు తెగకుండా ఎలా నడిచాయి?"

"నేను బిగించిన సేఠ్," అన్నాడు సోమలింగం మెల్లగా.

"మరింకేం," అన్నాడు నానూభాయ్. "రేపు ఎనిమిదింటికల్లా రా. రెండో మగ్గం కొంచెం చప్పుడు చేస్తోంది." ఆ మాట అనేసి, తను బతుకు విలువ బోధించిన పెద్దమనిషికి క్షమాపణ చెప్పాలని ఫోన్ వెతుక్కోసాగాడు.

షీరా దొన్నె ఇంకా సోమలింగం చేతుల్లోనే ఉంది. అతను డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ దగ్గరికొచ్చి దొన్నెలోకి తొంగిచూసింది.

"మినప గింజంత తీసుకోండి. దేవుడు కొలతలు చూడడు. నేను చూస్తాను కాబట్టి రాసుకుంటాను."

సోమలింగం మినప గింజంత తీసి కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున మీటరులో అంకె ఎక్కడికీ పోలేదు. రెండో అంకెగా అతను మొదటిసారి ఎనిమిది వేసుకున్నాడు. అది తిండి వల్లనా, మందుల వల్లనా, గొడుగుల వల్లనా అని స్వరాజ్యం అడిగితే, దానికి చార్టులో గడి లేదన్నాడు.

అయితే ఆదివారం సంగతి ఇంకొక్కటి మిగిలింది. షీరా పంచగానే స్వరాజ్యం, వజ్రమ్మ కలిసి వేడివేడి అన్నం, పప్పుచారు వడ్డించారు. మొదటి బంతి సగంలో ఉండగానే సాంబయ్య తను తిట్టిన మగ్గాన్ని తడిమి వచ్చాడు. కండె దగ్గర పోట్లాడుకున్న ఇద్దరూ ఒకరి విస్తట్లో ఒకరు పప్పుచారు పోసుకున్నారు. తలనొప్పులు ఎటు పోయాయో తెలియదు, ఖాతా అంతా నవ్వులే. ఇదంతా చూసి డాక్టర్ మైథిలి అలవాటుకొద్దీ సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. ఒక్క పూట అన్నంతో ఇరవై రెండు మంది మనసులు ఒకేసారి బాగుపడ్డాయని రాస్తే తన పరిశోధన ఏమైపోతుందో కాసేపు ఆలోచించి, పుస్తకం మూసేసి, తనకీ ఒక విస్తరి వెయ్యమంది.